పెద్ద సెన్సర్‌కు ఎందుకంత ధర?

ఫొటోగ్రాఫర్ రమేష్ శుక్లా 1965లో ముంబయి నుంచి ఎమిరేట్స్ తీరానికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది రోలీకార్డ్ కెమెరా. 1971 డిసెంబర్ 2న యూఏఈ అవతరించిన వేళ పాలకులను ఫొటోలు తీసి ఆయన ఆ దేశ చరిత్రలో నిలిచిపోయారు. రోలీకార్డ్‌లో వేసే 120 ఫిల్ము మీద ఒక్కో ఫ్రేము సుమారు 56 మిల్లీమీటర్ల చదరం. మీడియం ఫార్మాట్ కొలతల్లో అదొకటి.

నేటి డిజిటల్ మీడియం ఫార్మాట్ కెమెరాల్లో ఎక్కువగా కనిపించే సెన్సర్ 44×33 మిల్లీమీటర్లు. ఆ పాత ఫ్రేములో సగం కూడా లేదు. అయినా 36×24 కొలత గల ఫుల్‌ఫ్రేమ్ కన్నా వైశాల్యంలో దాదాపు 1.7 రెట్లు పెద్దది. ఒకే ఎక్స్‌పోజర్‌లో అంత ఎక్కువ కాంతిని పోగుచేస్తుంది కాబట్టి నీడల్లో నాయిస్ తగ్గుతుంది, రంగుల్లోని సన్నని తేడాలు నిలుస్తాయి.

ధరకు మూలం కూడా ఆ వైశాల్యమే. సెన్సర్లను వేఫర్ అనే గుండ్రటి సిలికాన్ పలక మీద తయారుచేస్తారు. పలకలో అక్కడక్కడా లోపాలు తప్పవు. మచ్చలున్న తానులోంచి రుమాళ్లు కత్తిరిస్తే ఒక్కో మచ్చకు ఒక్క రుమాలే పోతుంది. దుప్పట్లు కత్తిరిస్తే దుప్పటే పోతుంది. పైగా కొనేవారు తక్కువ కావడంతో తయారీ ఖర్చంతా కొద్ది కెమెరాల మీదే పడుతుంది.

అయినా ధర దిగింది. 2019లో 102 మెగాపిక్సెళ్ల ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్‌ఎక్స్ 100 విడుదల ధర దాదాపు 10,000 డాలర్లు; దిర్హామ్ స్థిర మారకంలో సుమారు 36,700. 2024లో అదే కొలత సెన్సర్‌తో వచ్చిన జీఎఫ్‌ఎక్స్ 100ఎస్ 2 విడుదల ధర సుమారు 5,000 డాలర్లు, అంటే 18,400 దిర్హామ్‌లు. యూఏఈలో వీటికి 5 శాతం వ్యాట్ కలుస్తుంది. 53×40 సెన్సర్ గల ఫేజ్ వన్ 150 మెగాపిక్సెళ్ల బ్యాక్ (కెమెరా వెనుక అమర్చే సెన్సర్ భాగం) మాత్రం 2018లో 50,000 డాలర్ల దరిదాపుల్లో వచ్చింది.

మరి భవిష్యత్తు? ఫుల్‌ఫ్రేమ్ 2019లోనే 61 మెగాపిక్సెళ్లకు చేరింది. పెద్ద సెన్సర్ నుంచి సమాచారం చదవడానికి ఎక్కువ సమయం పడుతుంది కనుక ఆటలు, వార్తల రంగాల్లో మీడియం ఫార్మాట్ వెనుకే ఉంటుంది. గోడంత ప్రింట్లు, ప్రకటనలు, తాళపత్రాలు, పాత పటాల డిజిటల్ భద్రత వంటి పనుల్లో దాని స్థానం పదిలం.

దుబాయ్‌లో కొని ఊరికి తీసుకెళ్లాలనుకునే తెలుగువారు భారత కస్టమ్స్ సుంకాన్ని, వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే తెలుసుకోవాలి. లెన్సుల ధరను, కుదించని ఒక్కో ఫొటోకు 200 ఎంబీ దాకా పట్టే నిల్వ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. పెళ్లి ఆల్బములకు ఫుల్‌ఫ్రేమ్ చాలు. భారీ ప్రింట్లే మీ వృత్తి అయితే ముందు ఒక రోజు అద్దెకు తీసుకుని, ప్రింటు వేసి చూశాకే కొనండి.