తీగల చివర ఎగిరే విమానం: కూలితే బాగుచేయడం ఎలా?

రేడియో కంట్రోల్ అందరికీ అందుబాటులో లేని రోజుల్లో నమూనా విమానాన్ని రెండు సన్నని ఉక్కు తీగలతో నడిపేవారు. దీన్ని కంట్రోల్ లైన్ విమానం అంటారు. 1940లలో అమెరికాలో జిమ్ వాకర్ దీనికి ప్రాచుర్యం తెచ్చాడు. మన ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ కేడెట్లకూ ఇది పరిచయమే. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన బిలాస్‌పూర్‌లో, మీ తాతగారి అటక మీద అలాంటి పాత విమానం ఒకటి దొరికిందనుకుందాం. ఎగరేశారు, కూలింది. ఎందుకు?

విమానం బరువు అర కిలో, తీగల పొడవు 16 మీటర్లు, వేగం సెకనుకు 25 మీటర్లు అనుకోండి. నాలుగు సెకన్లకు ఒక చుట్టు. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి వ్యాసార్ధంతో భాగిస్తే సుమారు 20 న్యూటన్లు వస్తుంది. అంటే రెండు కిలోల బరువు లాగినట్లు మీ చేతికి తెలుస్తుంది. ఆ లాగుడే మీ అధికారం! హ్యాండిల్ వంచితే ఒక తీగ బిగిసి, రెక్కలోని బెల్‌క్రాంక్ తిరిగి, తోకలోని ఎలివేటర్ లేస్తుంది. ఎదురుగాలి విమానాన్ని మీ వైపు నెడితే తీగలు వదులవుతాయి. ఇక హ్యాండిల్ ఎంత తిప్పినా ఫలితం ఉండదు. వెంటనే రెండడుగులు వెనక్కు వేసి తీగలు బిగించాలి. వేసవిలో గాలి లేవకముందే, తెల్లవారుజామున ఎగరేయడం మంచిది.

రైల్వే ఊరు కాబట్టి ఒక హెచ్చరిక. పట్టాలపై ఉండే కరెంటు తీగల్లో 25,000 వోల్టులు ఉంటాయి. మీ చేతిలో ఉన్నదీ లోహపు తీగే. ఆ దరిదాపుల్లో ఎగరేయనే కూడదు.

కూలిన చోట ముందుగా ముక్కలన్నీ ఏరండి, చిన్న పుల్ల కూడా వదలకండి. ఇంజన్‌లో మట్టి చేరి ఉంటే ప్రొపెల్లర్ తిప్పకండి, కడిగాకే తిప్పాలి. విరిగిన బాల్సా అంచులను గరుకు కాగితంతో రుద్దడం చాలామంది చేసే పని, కానీ అది నష్టమే. ఆ రంపపు పళ్లలాంటి నారలు ఒకదానిలో ఒకటి ఇమిడితేనే అతుకు గట్టిపడుతుంది. ముక్కు దగ్గర కర్ర ఆముదం పీల్చుకుని ఉంటుంది, జిగురు పట్టదు. టాల్కం పౌడర్ చల్లి, నూనె లాగించి, అవసరమైతే ఆ భాగం కోసి కొత్త కర్ర వేయాలి. స్పార్ విరిగితే కొసలు ఆనించి అతికించకండి. మందానికి ఎనిమిదింతల పొడవున ఏటవాలుగా కోయండి: 6 మి.మీ. కర్రకు సుమారు 5 సెం.మీ. జిగురు పట్టే వైశాల్యం అంత పెరుగుతుంది.

జిగురు ఎక్కువైతే మరో చిక్కు. గురుత్వ కేంద్రానికి 40 సెం.మీ. వెనుక తోకలో 5 గ్రాములు పెరిగితే, 20 సెం.మీ. ముందున్న ముక్కులో 10 గ్రాములు చేర్చాలి. తోక బరువైన విమానం పైలట్ మాట వినదు.

చివరగా విమానాన్ని గట్టిగా పట్టుకుని, తీగలను స్ప్రింగ్ త్రాసుతో 5 కిలోల వరకు లాగి చూడండి. బెల్‌క్రాంక్ బిగువుగా నిలిచి, ఎలివేటర్ తేలిగ్గా కదిలితే మైదానానికి తీసుకెళ్లవచ్చు. ఏ మాత్రం కిర్రుమన్నా రెక్క విప్పి మళ్లీ చూడండి.