పొమ్మన్నా పొగే... రమ్మన్నా పొగే!

కూచిపూడిలో గుడి ముందు రాత్రంతా భాగవతం ఆడే రోజుల్లో కరెంటు దీపాలు లేవు. ఆటస్థలానికి అటొకడూ ఇటొకడూ దివిటీ పట్టుకుని నిలబడితే అదే వెలుగు. ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర వెనక గజ్జెలు ఘల్లుమంటాయి, మద్దెల అందుకుంటుంది. సరిగ్గా అప్పుడు దివిటీ మీదికి గుప్పెడు గుగ్గిలం పొడి విసురుతారు. మంట భగ్గుమని ఆకాశానికి లేస్తుంది, దాని వెంటే పొగ కమ్ముకుంటుంది. తల్లి ఒళ్లో తూగుతున్న పిల్లాడు ఉలిక్కిపడి కళ్లు తెరిచేసరికి తెర తొలగింది. పొగలోంచి బాణాసురుడు నడిచొస్తున్నాడు.

ఇక కూచిపూడి ఉన్న ఆ కృష్ణా డెల్టాలోనే, ఊరి బయట వరి గట్టు మీదికి వెళ్దాం. అక్కడా పొగే, పని మాత్రం వేరు. తరతరాలుగా ఎలుకలు పట్టే యానాది ఒక కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పంటిస్తాడు. కుండ మూతిని ఎలుక కన్నానికి ఆనించి, చుట్టూ బురద మెత్తుతాడు. కుండకున్న చిన్న బెజ్జానికి నోరు పెట్టి ఊదుతాడు. నాలుగు ఊపిర్లు ఊదాడో లేదో, గట్టు పొడుగునా అక్కడో పాయ ఇక్కడో పాయ పొగ పైకి లేస్తుంది. కలుగుకు ఎన్ని దారులున్నాయో పొగే చూపిస్తుంది. వాటిలో ఒక్కటి వదిలి మిగతావి మూసేస్తే ఎలుకకు లోపల ఉండే వీల్లేదు, బయటికి రాక తప్పదు.

ఒక పొగ పిలిచింది, ఒక పొగ తరిమింది. తెలుగులో ‘పొగ’ అన్న రెండక్షరాల మాట చేసే సంసారమంతా ఈ రెండింటి మధ్యనే.

గెంటరు, పొగ పెడతారు

‘పొమ్మనలేక పొగ పెట్టినట్టు’ అన్న సామెత తెలియని తెలుగువాడు ఉండడు. ఎలుక సంగతి సరే, మనిషికి పొగ ఎలా పెడతారు? కుండా అక్కర్లేదు, గడ్డీ అక్కర్లేదు. ఉమ్మడి కుటుంబంలో అయితే పెద్దాయన కాఫీ గ్లాసు రోజూ ఓ పావుగంట ఆలస్యమవుతుంది. ఆఫీసులో అయితే కుర్చీ మూలకి జరుగుతుంది, ఫైళ్లు బల్ల మీదికి రావడం మానేస్తాయి. ఎవరూ ఒక్క మాట అనరు. ఒకరోజు ఆయనే సంచి సర్దుకుంటాడు. “ఎవరేమన్నారు బాబాయ్?” అని అడిగితే, “ఎవరూ ఏమీ అన్లేదురా, పొగ పెట్టారు” అంటాడు. గెంటితే పంచాయితీ పెట్టొచ్చు, చేతులు కనబడతాయి. పొగకు చేతులుండవు. ఆ బాధంతా ఒక్క క్రియాపదంలో పెట్టేశారు మనవాళ్లు.

అదే క్రియ ఇంకోచోట తియ్యగా పండుతుంది. మూసిన గదిలో అరటి గెలలు పేర్చి పొగ పెట్టి మగ్గేస్తారు. సందెవేళ పశువుల కొట్టంలో పచ్చి వేపాకు వేసి పొగ పెడితే అది దోమకు పొమ్మని చెప్పడం, గేదెకు పడుకొమ్మని చెప్పడం.

పొగకు చుట్టాలెవరు?

మాట మన సొంతమే. తమిళంలో ‘పుగై’, మలయాళంలో ‘పుక’. పాత పకారాన్ని హకారం చేసుకున్న కన్నడిగులకు ‘హొగె’. అన్నీ ఒకే పొయ్యి లోంచి లేచినవి. ‘పొగడ్త’ మాత్రం ఈ ఇంటిది కాదు. దాని పుట్టిల్లు తమిళ ‘పుగళ్’ ఉన్న వీధిలో. పొగడ్తలు మనిషి కళ్లు కప్పే తీరు చూస్తే చుట్టరికం ఉందేమో అనిపిస్తుంది గానీ, భాష ఒప్పుకోదు.

కంటికి ఏది కనబడితే దాన్నే పేరుగా పెట్టడం మన అలవాటు. రైలును నడిపింది ఆవిరి, మనవాళ్లు చూసింది గొట్టం లోంచి వచ్చే పొగ. అందుకే అది పొగబండి అయింది. సముద్రం మీద పొగ ఓడ అయింది. ఇడ్లీ మీద లేచేది నీటి ఆవిరేనని బడిలో చదువుకున్నాం. అయినా హోటల్లో మనకు కావలసింది పొగలు కక్కే ఇడ్లీయే. పొగమంచులో పొగ లేదు, ఉన్నవన్నీ నీటి తుంపరలు. ఇక పొగచూరితే గోడ నల్లబడుతుంది. ఆ నలుపును వేలితో తీస్తే మసి. మసి పూసి మారేడుకాయ చేసే విద్య ఎన్నికల ముందు బాగా పనికొస్తుంది.

కొండ మీద పొగ

నిప్పు లేనిదే పొగ రాదంటాం. పుకారుకు సాక్ష్యంగా వాడే ఈ సామెత వెనక పెద్ద శాస్త్రమే ఉంది. తర్కం నేర్చుకునే ప్రతి విద్యార్థీ మొదట పట్టుకునే ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు తెలుగువాడే, 17వ శతాబ్దివాడు. అనుమానం, అంటే కనబడే గుర్తును బట్టి కనబడనిదాన్ని తేల్చుకునే ప్రమాణాన్ని ఆయన పొగతోనే నేర్పాడు. కొండ మీద పొగ కనిపించింది కాబట్టి అక్కడ నిప్పుంది. ఎలా తెలుసు? వంటింట్లో చూశాం కాబట్టి. చెరువులో నిప్పు లేదు, అక్కడ పొగా లేదు.

తిరగేసి చెబితే కుదరదన్నది తార్కికుల హెచ్చరిక. నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పే గానీ పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తగలాలి. ఊళ్లో పుకార్లకూ ఈ తర్కం చెల్లుతుంది. నిప్పు రవ్వంతే ఉంటుంది, మిగతా పొగంతా పచ్చి కట్టెది.

తాగే పొగ

పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి దిగిన ఆకుకు ఏ పరాయి పేరూ తగిలించకుండా ‘పొగాకు’ అని సొంతం చేసుకున్నాం. చుట్టను కాలుస్తాం, పొగను తాగుతాం. బస్సుల్లో రాసిన ‘పొగ త్రాగరాదు’ చదువుతూనే అగ్గిపుల్ల గీసిన తరం ఒకటి ఉండేది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో నిషేధం గట్టిపడ్డాకే ఆ పొగ పక్కకు తప్పుకుంది. అంతకు చాలా ముందే ‘కన్యాశుల్కం’లో గిరీశం తన చుట్టకు పురాణాన్నే సాక్ష్యానికి పిలిచాడు.

నదీపాయల మధ్య ఇసుక మేటల్ని మనం లంకలంటాం. గోదావరి లంకల్లో పండిన ఘాటైన ఆకుతో చుట్టిన చుట్ట పేరు ఇంగ్లీషులోకి ‘లంకా’ అనే ఎక్కింది. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్, బూడిదను బట్టి హంతకుడు తాగింది ఇండియన్ లంకా అని తేలితే వెతుకులాట పరిధి తగ్గినట్టేనంటాడు. ఉత్తరాంధ్ర పల్లెల్లో కొందరు ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ‘అడ్డపొగ’. అది అంగిట్లో క్యాన్సర్ తెస్తుందని వైద్యులు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు.

తమాషా ఏమిటంటే, వర్జీనియా పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లో ఆకుకు పొగ తగలనివ్వరు. పొయ్యి నిప్పు బయట, వేడి మాత్రం ఇనుప గొట్టాల్లోంచి లోపలికి. పొగ సోకితే పొగాకు చెడిపోతుంది!

కళ్లలో పడిన పొగ

పుల్లల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకున్న కోడలి కళ్లు ఎర్రబడితే ఎవరూ కారణం అడగరు. అడిగినా “పొగమ్మా” అంటే సరిపోయేది. ఎన్ని ఏడుపులకు పొయ్యి చాటిచ్చిందో లెక్క లేదు. 1999లో దీపం పథకంతో ఉమ్మడి రాష్ట్రంలో గ్యాస్ పొయ్యిలు పల్లెలకు వచ్చాయి. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. ఊపిరితిత్తులు బతికాయి. ఆ చాటు మాత్రం పోయింది. ఇప్పుడు కన్నీళ్లకు కారణం చెప్పుకోవాలి.

అదే డెల్టా కొసన, దివిసీమలో పెద్దవాళ్ల దగ్గర పొగ మాటెత్తితే ఒక్కోసారి సంభాషణ ఆగిపోతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. ఎవరి మనిషి ఎవరో పోల్చుకోలేని స్థితిలో శవాలను కుప్పలుగా చేర్చి దహనం చేశారు. ఊళ్లకు ఊళ్లు నానిపోయిన చోట ఎండుకట్టె ఎక్కడ దొరుకుతుంది? తడి కట్టె పొగ గురించి తర్కశాస్త్రం చెప్పింది అక్కడ చదవకుండానే తెలిసింది.

మళ్లీ తెర దగ్గరికి

అదే దివిసీమలో బాలింత తలస్నానం చేసి కూర్చుంటే, అమ్మమ్మ కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పైన బుట్ట బోర్లిస్తుంది. బుట్ట కంతల్లోంచి పొగ సన్నగా వస్తుంటే తడి జుట్టును దాని మీద పరుస్తుంది. పసిగుడ్డును రెండు చేతుల్లో ఎత్తి పొగ మీదుగా ఒకసారి తిప్పుతుంది. ఎలుకను కలుగులోంచి వెళ్లగొట్టిన పొగే బిడ్డను ఊళ్లోకి తీసుకుంటోంది. ఇంత మంచి సరుకు పేరుతో మందబుద్ధిని ‘వట్టి సాంబ్రాణి’ అని ఎందుకు తిడతామో! గుడిలో ధూపం, పీర్ల చావిడిలో ఊదు: పేర్లు రెండు, పైకి లేచే తీరు ఒకటే. కూచిపూడివారు ఆట మొదలెట్టే ముందు నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి, దీపంతో పాటు ధూపమూ పట్టేది రంగాన్ని శుద్ధి చేయడానికే.

ఇప్పటి వేదికల మీద గుగ్గిలం గుప్పెడు అరుదు. మీట నొక్కితే పొగ యంత్రం తెల్లటి మేఘాన్ని నేల మీద పరుస్తుంది. అది ఎంతసేపైనా పోస్తూనే ఉంటుంది, నర్తకి పాదాలు కనపడనంతగా. పాత దివిటీవాడికి ఆ పొరపాటు తెలియదు. అతని చేతిలో ఉన్నది ఒక్క గుప్పెడు. పొగ విరగడానికి రెండు క్షణాలు. ఆ తరువాత రాత్రంతా పాత్ర తన కాళ్ల మీదే నిలబడాలి.