బ్లాక్ స్పాట్ కావాలంటే ఎంతమంది పోవాలి?

భీమునిపట్నం నుంచి విశాఖకు సముద్రం పక్క దారి ఒకటి, తగరపువలసలో ఎక్కే 16వ నంబరు జాతీయ రహదారి ఇంకొకటి. పాతవాళ్లకు అది ఇప్పటికీ ఐదో నంబరే. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరసల రోడ్డు పడ్డాక లారీలకు వేరే దారి దొరికింది. మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, గాజువాకల మీదుగా పోయే పాత దారి మాత్రం ఊరి నడివీధి అయిపోయింది. వేగం ఇంకా హైవేదే.

ప్రమాదకరమైన చోటును ప్రభుత్వం ఎలా గుర్తిస్తుంది? సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావు గానీ తీవ్ర గాయాలు గానీ ఉన్న ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. అప్పుడే అది 'బ్లాక్ స్పాట్'. మా అభ్యంతరం ఇక్కడే. రోడ్డు దాటించే ధైర్యం లేక పిల్లను అవతలి బడి మాన్పించిన తల్లి ఈ లెక్కలోకి రాదు.

శవాల కోసం ఎదురుచూడకుండా మనమే లెక్కకట్టొచ్చు. ఒక్కో వరస 3.5 మీటర్లనుకుంటే మూడు వరసలు 10.5 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషికి దాదాపు 9 సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆలోగా 150 మీటర్లు వచ్చేస్తుంది. నెత్తిన తట్టతో, మోకాళ్ల నొప్పితో నడిచే పెద్దామెకు 13 సెకన్లు పడితే బండికి 200 మీటర్లు దాటుతుంది. అంత దూరం ఆమెకు కనబడుతోందా? వంపు, ఆగిన ఆటో, వెలగని లైటు, ఏది అడ్డమైనా రాసుకోవాలి. రాత్రిపూట కూడా వెళ్లి చూడాలి.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్లేవాళ్లు. వయసుకు పట్టిక ఉంది, వాహనానికి ఉంది, కులానికి లేదు. తెల్లవారకముందే డివైడర్ పక్క ఊడ్చేది ఎవరో, రోడ్డుకు అవతల పడేసిన కాలనీ ఎవరిదో ఆ పట్టికలు చెప్పవు.

పాదచారుల వంతెన కడతామంటే వెంటనే చప్పట్లు కొట్టకండి. మెట్లెక్కలేనివాళ్లు కిందనుంచే దాటుతారు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ముందు అడగాల్సింది వేగం తగ్గించమనే. భద్రతా ప్రమాణాలు పాటించని కాంట్రాక్టరుకు, రోడ్డు అధికారులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసేందుకు 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ చేరింది. భద్రతా ఆడిట్ నివేదికను సమాచార హక్కు కింద అడిగి, కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టాలి.

గుద్దిన బండి ఆచూకీ దొరకకపోయినా 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం కింద మృతుల కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు వస్తాయి. నంబరు తెలియదు గదా అని స్టేషన్లో వెనక్కి పంపేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.