కుట్టుపని లేని వీరవేషం

జానపద కథలలోను, పౌరాణిక నాటకాలలోను, ఊహాలోకపు చలనచిత్రాలలోను కనిపించే యోధుని రూపాన్ని అనుకరించే వేషధారణను వీరవేషం అనవచ్చును. కిరీటం లేదా శిరస్త్రాణం, రొమ్ముకవచం, భుజకీర్తులు, ముంజేతి పట్టీలు, నడుముకు దట్టీ, చేత కత్తి, డాలు దీని ముఖ్య భాగాలు. పాఠశాల వార్షికోత్సవాలలోను, విచిత్ర వేషధారణ పోటీలలోను ఈ వేషానికి ఆదరణ ఎక్కువ. పట్టణాలలో ఇటువంటి దుస్తులు అద్దెకు దొరుకుతాయి. అయితే అద్దెకు తోడు ధరావతు సొమ్ము కూడా కట్టవలసి వచ్చినప్పుడు కొందరు పిల్లలు పోటీకి పేరు ఇవ్వడమే మానుకుంటారు. నిజానికి ఈ వేషంలో సూదిదారంతో పని దాదాపు లేదు. పాత అట్టపెట్టెలు, ఒక పంచె, జిగురు, రంగు, పిన్నీసులు ఉంటే ఇంటివద్దనే తయారు చేసుకోవచ్చును. జిగురు, రంగు ఆరడానికి రెండు మూడు రోజుల వ్యవధి మాత్రం ఉండాలి.

పూర్వరంగం

అభినయం ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం అని నాలుగు విధాలు. వేషభూషణాలన్నీ ఆహార్యంలోకి వస్తాయి. భరతుని నాట్యశాస్త్రం ఆహార్యాన్ని వివరిస్తూ, బరువైన నగలు ధరించిన నటుడు అలసిపోతాడని, అందుచేత అచ్చమైన బంగారంతో గాక లక్క వంటి తేలిక పదార్థాలతో చేసిన నగలే రంగస్థలానికి తగినవని చెప్పింది. చాప, బట్ట, తోలు వంటివాటిని జోడించి రంగస్థల వస్తువులను తయారు చేయడాన్ని కూడా ఆ గ్రంథం పేర్కొన్నది. కనుక అట్టకిరీటం పేదరికానికి గుర్తు అనుకోనక్కరలేదు. అది శాస్త్రసమ్మతమే.

తెలుగువారి ఊహలో వీరుని రూపం చాలావరకు జానపద చలనచిత్రాల నుండి వచ్చినది. పాతాళ భైరవి (1951)లో నందమూరి తారక రామారావు ధరించిన తోటరాముని పాత్ర, బి. విఠలాచార్య చిత్రాలు, కత్తియుద్ధాలకు పేరుపొందిన కాంతారావు పాత్రలు ఇందుకు ఆధారం. తరువాతి తరానికి బాహుబలి (2015, 2017) చిత్రాలు కొత్త నమూనాను ఇచ్చాయి. తోటరాముడు తోటమాలి కొడుకు. వీరుడు కావడానికి కిరీటం తప్పనిసరి కాదని గుర్తుంచుకుంటే సగం ఖర్చు, సగం శ్రమ తగ్గుతాయి.

వస్త్రభాగం

పంచె, ఉత్తరీయం, తలపాగా, దట్టీ ఇవన్నీ కుట్టు లేని వస్త్రాలే. చుట్టడం, మడవడం, దోపడం వల్లనే వాటికి ఆకారం వస్తుంది. యోధునికి పంచెను గోచీ పోసి బిగించి కట్టాలి. పిల్లలకు నిండు పంచె బరువవుతుంది కాబట్టి దానిని సగానికి మడచి గాని, పెద్ద తువాలుతో గాని కట్టవచ్చును. లోపల బిగుతైన నిక్కరు వేసి, పంచెను దానికి నాలుగు చోట్ల పిన్నీసులతో పట్టించాలి. పిన్నీసుల మొనలు శరీరం వైపు రాకుండా చూడాలి. చిరిగిన పట్టుచీర జరీ అంచును కత్తిరించి దట్టీగా చుడితే వేషానికి నిండుదనం వస్తుంది.

పై వస్త్రానికి పాత టీషర్టు మిక్కిలి అనుకూలం. అది అల్లిక బట్ట. నేత బట్టవలె కత్తిరించిన చోట పోగులు ఊడదు. అందుచేత చేతులు, మెడ కావలసిన ఆకారంలో కత్తిరించి అట్లే వదలివేయవచ్చును. నేత బట్టను వాడవలసి వస్తే అంచును మడచి బట్టల జిగురుతో గాని, వేడికి అతుక్కునే ఇస్త్రీ టేపుతో గాని అంటించాలి.

భుజాల వెనుక వేలాడే అంగవస్త్రాన్ని మెడచుట్టూ ముడివేయరాదు. ఆటలో ఎవరైనా తొక్కినా, తలుపుకు తగులుకున్నా అది మెడకు ఉరివలె బిగుస్తుంది. దానిని రెండు భుజాల వద్ద కవచానికి విడివిడిగా, లాగితే ఊడివచ్చేటట్లు తగిలించాలి.

కవచం

కవచానికి మడతల పొర గల అట్ట, అనగా టెలివిజన్ వంటి వస్తువులు వచ్చే పెట్టె అట్ట, శ్రేష్ఠం. ఈ అట్టలో రెండు కాగితాల మధ్య అలల వంటి నాళాలు వరుసగా ఉంటాయి. అట్ట ఈ నాళాల వెంబడి సులభంగా వంగుతుంది, అడ్డంగా వంచితే విరిగి ముడతపడుతుంది. రొమ్ముకవచం మొండెం చుట్టూ వంగవలెను కాబట్టి నాళాలు నిలువుగా ఉండేటట్లు కత్తిరించాలి. ఈ ఒక్క విషయం గమనించకపోవడం వల్లనే చాలా కవచాలు నలిగిన పెట్టెలవలె కనిపిస్తాయి. ఇంకా మెత్తగా వంగాలంటే లోపలివైపు కాగితపు పొరను తడిపి ఒలిచివేయవచ్చును.

ముందుగా వార్తాపత్రికను శరీరానికి ఆనించి నమూనా కత్తిరించాలి. కాగితం తప్పితే మరొక కాగితం తీసుకోవచ్చును. అట్ట తప్పితే మళ్ళీ పెట్టె వెతకాలి. నమూనాను సగానికి మడచి కత్తిరిస్తే కుడిఎడమలు సమానంగా వస్తాయి. ముందు, వెనుక రెండు పలకలు చేసి, భుజాల వద్ద, పక్కల చిల్లులు పొడిచి బూట్ల లేసులతో కట్టాలి. చిల్లు చుట్టూ టేపు అంటించకపోతే లేసు అట్టను కోసివేస్తుంది. చంకల కింద అరచేయి పట్టేంత ఖాళీ వదలాలి. లేనిచో వీరుడు కత్తి ఎత్తలేడు.

భుజకీర్తులను ఒకదానిపై ఒకటి పొలుసులవలె వచ్చే మూడు పట్టీలుగా చేస్తే చేయి కదిలినప్పుడు అవి కూడా కదులుతాయి. ముంజేతి పట్టీలకు, పిక్కల కవచాలకు పెద్ద ప్లాస్టిక్ సీసాల నడుమ భాగం పనికివస్తుంది. కోసిన అంచులకు టేపు చుట్టాలి.

అట్టపై చెక్కడపు పని కనిపించాలంటే ఒక సులభమైన పద్ధతి ఉన్నది. లావుపాటి పురికొసను లతలుగా, చక్రాలుగా జిగురుతో అంటించి ఆరనివ్వాలి. దానిపై జిగురు పూసి, వంటింటి అల్యూమినియం రేకు కప్పి, దూదితో మెల్లగా అదిమితే పురికొస ఆకారం ఉబ్బెత్తుగా తేలుతుంది. చివరగా నల్ల బూటు పాలిష్ పూసి బట్టతో తుడిస్తే నలుపు పల్లాలలో నిలిచి, మిట్టలు మెరుస్తాయి. దూరం నుండి చూసేవారికి అది పాత వెండిపనివలె ఉంటుంది. ఇనుము రంగు కావాలంటే ముందు నల్లరంగు వేసి, ఆరిన తరువాత దాదాపు పొడిగా ఉన్న కుంచెతో వెండిరంగును మిట్టల మీద మాత్రమే రాయాలి.

చెప్పులలోను, వ్యాయామపు పరుపులలోను వాడే ఇ.వి.ఎ. నురుగు పలకలు కూడా కవచానికి వాడుతారు. వేడి గాలి తగిలినప్పుడు ఇవి మెత్తబడతాయి, వంచి పట్టుకుంటే చల్లారేటప్పటికి ఆ ఆకారంలో నిలుస్తాయి. ఇవి అట్టకంటె మన్నికైనవి గాని ఖర్చు ఎక్కువ. థర్మోకోలు చవక అయినను దానిపై రబ్బరు జిగురు, డబ్బాతో చిమ్మే రంగు వాడరాదు. వాటిలోని ద్రావకాలు దానిని కరిగించివేస్తాయి. దానికి తెల్లని చెక్కజిగురు తగినది.

కిరీటం

తల చుట్టుకొలతను దారంతో తీసుకొని, అంటించడానికి మరి 3 సెంటీమీటర్లు కలిపి పట్టీ కత్తిరించాలి. పైన గుండ్రని ఆకారం కావాలంటే గాలి ఊదిన బుడగపై వార్తాపత్రిక ముక్కలను మైదా జిగురుతో నాలుగైదు పొరలు అంటించి, పూర్తిగా ఎండిన తరువాత బుడగను పగులగొట్టాలి. ఒక గ్లాసు మైదాను నాలుగైదు గ్లాసుల నీటిలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంటపై చిక్కబడేవరకు కలియబెడితే ఈ జిగురు తయారవుతుంది. పురుగు పట్టకుండా పుస్తకాలు బైండు చేసేవారు ఇందులో మైలుతుత్తం కలిపే ఆచారం ఉన్నది. అది విషపదార్థం. నుదుటికి, చేతులకు తగిలే పిల్లల కిరీటంలో దానిని కలపరాదు. లోపలి అంచుకు పాత నూలుబట్ట అంటిస్తే చెమట పీల్చుకొని, జారకుండా పట్టి ఉంచుతుంది. గడ్డం కిందకు తాడు కాక ఎలాస్టిక్ వాడటం క్షేమం. సంభాషణ మధ్యలో కిరీటం జారితే వీరరసం హాస్యరసమవుతుంది కాబట్టి, ముందురోజే దానితో గెంతి చూడాలి.

కత్తి, డాలు

కత్తికి మూడు అట్టపొరలు కావాలి. మధ్యపొర నాళాలు పై, కింది పొరల నాళాలకు అడ్డంగా వచ్చేటట్లు అంటిస్తే కత్తి వంగిపోదు. ఇద్దరు బాలురు ఎదురెదురుగా తిప్పే కత్తులలో వెదురుబద్ద గాని, ఇనుపకమ్మీ గాని పెట్టరాదు. అట్ట విరిగితే మరొకటి చేసుకోవచ్చును. మొనను బొటనవేలంత గుండ్రంగా కత్తిరించాలి. డాలు వెనుక పిడిని అంటించి వదలక, చిల్లుల గుండా నాడాతో కట్టాలి. ఒక్క దెబ్బకు మొదట ఊడేది ఆ పిడియే.

వేదికపై దీపాలు, హారతి ఉన్నచోట ఈ వేషంతో దగ్గరకు పోరాదు. అట్ట, నురుగు, కృత్రిమ వస్త్రం త్వరగా అంటుకుంటాయి.

భద్రపరచడం

అట్టవేషానికి తేమ, చెదలు, బొద్దింకలు శత్రువులు. మైదా వాడిన భాగాలకు పురుగు త్వరగా పడుతుంది. రంగు వేసిన తరువాత లోపలివైపు కూడా నీటిలో పలుచన చేసిన తెల్లజిగురు ఒక పూత వేసి, నీడలో ఆరబెట్టాలి. రొమ్ముకవచాన్ని మడవకుండా, లోపల పాత బట్టలు కుక్కి, కిరీటాన్ని దానిలోనే ఉంచి అటక మీద పెట్టవచ్చును. లేసులతో కట్టిన కవచాన్ని వదులు చేసి మరుసటి సంవత్సరం మరొక బాలునికి తొడగవచ్చును.