పాపసంకీర్తనము: ఒక సందేహము

గురువునకు పాపము చెప్పుకొనినంతనే క్షమాపణ లభించునెడల, కథోలికునకు దొంగతనము సులభము కాదా? అని పలువురు మమ్ము అడుగుచుందురు. ఈ సందేహము న్యాయమైనదే.

యుక్తాయుక్తజ్ఞానము గల ప్రతి విశ్వాసియు ఏటికొకమారైనను పాపసంకీర్తనము చేయవలెనని 1215లో నాల్గవ లాతరను మహాసభ విధించినది. అయితే చెప్పుట మాత్రమే చాలదు. హృదయమున పశ్చాత్తాపమును, మరల చేయననెడి సంకల్పమును ఉండవలెను. దొంగిలిన సొమ్మును సాధ్యమైనంతవరకు సొంతదారునకు తిరిగి ఈయవలెను. నిందచే చెరచిన పరువును నిలుపవలెను. 1992లో వెలువడిన కథోలిక సత్యోపదేశ గ్రంథమును ఈ మాటనే చెప్పుచున్నది.

విన్నదానిని గురువు ఎట్టి నిర్బంధమునకు లోనైనను వెల్లడింపరాదు. బుద్ధిపూర్వకముగ వెల్లడించినచో శ్రీసభనుండి వెలియగును. ఆ రహస్యము చెప్పుకొన్నవానిని కాపాడును గాని, అతడు పొరుగువానికి పడిన ఋణమును తీర్చదు.