పగిలిన స్వరానికి 11 ముక్కలు

ఫజ్ ఫేస్ అనే గిటార్ పెడల్ మూత విప్పి చూసినవాళ్లు మొదట నమ్మరు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పుకునే కంట్రోళ్లు రెండు. మొత్తం 11. మిగిలిన డబ్బా అంతా బ్యాటరీ, తీగలు, ఖాళీ. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కాలి కింద ఉండి రాక్ సంగీతం గొంతునే మార్చేసిన పరికరం ఇంతే. సర్క్యూటు బొమ్మ చేతికిస్తే మన వీధి చివర పాత రేడియోలు బాగుచేసే మెకానిక్ దాన్ని ఒక్క సాయంత్రంలో కట్టి ఇస్తాడు. ఈ యంత్రం ఇన్నేళ్లయినా బతికి ఉందంటే, ఎవరింట్లో వాళ్లు కట్టుకోగలిగినంత చిన్నది కావడమే అందుకు కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ ఫజ్ శబ్దం పుట్టుక ఒక రిపేరు కేసు. అమెరికాలోని నాష్‌విల్ నగరంలో గాయకుడు మార్టీ రాబిన్స్ ‘డోంట్ వర్రీ’ అనే పాట రికార్డు చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బాస్ గిటార్ వాయిస్తుండగా, అది కలిపిన మిక్సింగ్ బల్లలోని ఒక చానెల్ దెబ్బతింది. గిటార్ శబ్దం చిరిగి, గరగరలాడుతూ వచ్చింది. ఇంకెవరైనా అయితే చెరిపేసి మళ్లీ తీసేవారు. వీళ్లు ఉంచేశారు. 1961లో ఆ పాట పెద్ద హిట్టయింది. అదే శబ్దం మాకూ కావాలని మిగతా వాద్యకారులు అడగడం మొదలుపెట్టారు. చెడిపోయిన చానెల్‌ను ఊరూరా మోసుకు తిరగలేరు కదా. అందుకని రికార్డింగ్ ఇంజినీరు గ్లెన్ స్నాడీ, రేడియో ఇంజినీరు రెవిస్ హాబ్స్ కలిసి ఆ లోపాన్ని ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే సర్క్యూటు తయారుచేశారు. గిబ్సన్ కంపెనీ దాన్ని 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. లోపల మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, నడపడానికి ఒకటిన్నర వోల్టుల సెల్స్ రెండు.

మొదట్లో అది సరిగా అమ్ముడుపోలేదు. ట్రంపెట్‌లా, చెలోలా వాయించవచ్చని కంపెనీ చెప్పుకుంది. గిటార్ కొనుక్కున్నవాడికి ట్రంపెట్ మోజు ఎందుకుంటుంది? 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో కీత్ రిచర్డ్స్ ఈ పెడల్ వాడాడు. విచిత్రమేమిటంటే, ఆ చోట తర్వాత ట్రంపెట్ల వంటి ఊదే వాద్యాలు పెట్టాలనే ఉద్దేశంతోనే అతను ఆ వరసను గుర్తుగా వాయించి ఉంచాడు. గుర్తే పాటయింది. దుకాణాల్లో మగ్గుతున్న ఫజ్‌టోన్లు ఆ ఏడాది తిరక్కుండానే ఖాళీ అయ్యాయి.

అసలు లోపల ఏం జరుగుతుందో కాస్త ఆగి చూద్దాం. గిటార్ తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. తీగ కంపిస్తే చుట్టలో వోల్టులో పదో వంతు అటూ ఇటూగా చిన్న విద్యుత్తు అల పుడుతుంది. ట్రాన్సిస్టర్ ఆ అలను పెంచుతుంది. కానీ ఫజ్ ఫేస్‌లో బ్యాటరీ ఉన్నది 9 వోల్టులే. అల అంతకు మించి ఎదగాలని చూస్తే జాగా లేదు. ఎత్తైన మనిషి చిన్న గుమ్మంలో ఇరుక్కున్నట్టు తల కొట్టుకుంటుంది. గుండ్రంగా ఉండాల్సిన అల శిఖరం బల్లపరుపు అవుతుంది. అలా నున్నని అల మూలలు తేలేసరికి, అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఇంకా పైన ఉన్న పౌనఃపున్యాలు కొత్తగా వచ్చి చేరతాయి. మన భౌతికశాస్త్ర పుస్తకాల్లో వీటినే అనుస్వరాలు అంటారు. వాయించినది ఒక తీగే అయినా వినిపించేది ఒక గుంపు.

తంబురా దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు. తీగకూ అది ఆనే బ్రిడ్జికీ మధ్య నూలుపోగు పెట్టి, దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, నాదం ‘జీవం’ పోసుకునే చోట ఆపుతారు. అక్కడ తీగ బ్రిడ్జిని ఒరుసుకుంటూ మోగి, అనుస్వరాలు పైకి లేస్తాయి. దారులు వేరే. ఒకచోట నూలుపోగు, ఇంకోచోట ట్రాన్సిస్టర్. చెవి కోరుకున్నది మాత్రం ఒక్కటే, నిండైన స్వరం.

ఫజ్‌టోన్ తర్వాత లండన్ వంతు. 1965లో గ్యారీ హర్స్ట్ టోన్ బెండర్ చేశాడు. 1966లో ఐవర్ ఆర్బిటర్ కంపెనీ ఫజ్ ఫేస్ తెచ్చింది. ఆ గుండ్రటి డబ్బా ఆలోచన మైక్ స్టాండు అడుగు దిమ్మ నుంచి వచ్చింది. హెండ్రిక్స్ దాన్ని ఎత్తుకున్నాక చెప్పేదేముంది. అతని కోసం సర్క్యూట్లు సవరించి పెట్టిన రోజర్ మేయర్ బ్రిటిష్ నౌకాదళ శాఖలో ధ్వని పరిశోధన చేసిన మనిషి. ఒకే పేరున్న రెండు పెడళ్లు ఒకేలా మోగవని వాళ్లకు తెలుసు. ఉన్నవాటిలో ఏరుకునేవారు.

ఆ తేడా జెర్మేనియం గుణం. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్ తయారుచేసిన మొట్టమొదటి ట్రాన్సిస్టర్ కూడా ఈ మూలకంతోనే. దీనిలో మూసి ఉంచినా కారే కుళాయిలా కరెంటు కొద్దిగా కారుతూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ కారుడు సుమారు రెట్టింపవుతుంది. లండన్ చలిలో ముద్దుగా మోగిన పెడల్ మే నెల విజయవాడ మేడ మీద గొంతు పోగొట్టుకుంటుంది. తర్వాత వచ్చిన సిలికాన్ ట్రాన్సిస్టర్లు నిలకడైనవి, చవకైనవి, కొంచెం కరుకైనవి. మొదటిసారి కట్టేవాళ్లకు నేను సిలికానే చెబుతాను.

జెర్మేనియమే కావాలనుకుంటే మనకో మంచి దారి ఉంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లో జెర్మేనియం భాగాల తయారీ మొదలుపెట్టింది. ఫజ్ ఫేస్‌లో వాడిన ఏసీ 128 రకం ట్రాన్సిస్టర్, నాటి రేడియోల్లో స్పీకర్‌ను నడిపే పని చేసేదే. మన తాతలు వార్తలు విన్న రేడియో పెట్టెల్లో, పాత మెకానిక్కుల డబ్బాల్లో ఈ జాతి ట్రాన్సిస్టర్లు ఇప్పటికీ దొరుకుతాయి. తెచ్చాక మాత్రం పరీక్షించాలి. ట్రాన్సిస్టర్ బేస్ కాలిని దేనికీ తగిలించకుండా వదిలేయండి. కలెక్టర్ దారిలో 2.4 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి 9 వోల్టులు ఇవ్వండి. మల్టీమీటర్‌ను ఆ రెసిస్టర్ రెండు కొసలకు ఆనించండి. ఏమీ పారకూడని చోట పారుతున్నదంతా అంకెగా కనిపిస్తుంది. ఇప్పుడు ట్రాన్సిస్టర్ లోహపు టోపీని రెండు వేళ్లతో పట్టుకోండి. ఒంటి వేడికే అంకె మెల్లగా పైకి పాకుతుంది. వేళ్లు తీస్తే తిరిగి దిగుతుంది. పాఠ్యపుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా అర్థంకాని అర్ధవాహకం నాకు ఆ అంకె చూసిన రోజు అర్థమైంది.

ఇక ఇంట్లో బల్ల మీదికి వద్దాం. ముందుగా సోల్డరింగ్ ఐరన్. 25 వాట్లది, సన్న మొన ఉన్నది చాలు. వేడి తగ్గించి పెంచే వీలున్న స్టేషన్ ఉంటే 350 డిగ్రీల దగ్గర పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లంతా ఒకే పొరపాటు చేస్తారు. ఐరన్ మొన మీద లెడ్, అంటే టంకం తీగ, కరిగించి, ఆ బొట్టును తెచ్చి అతుకు మీద పులుముతారు. అది అతకదు, కూర్చుంటుంది అంతే. మొనను రెసిస్టర్ కాలికీ బోర్డు మీది రాగికీ ఒకేసారి ఆనించి, రెండూ వేడెక్కాక, రెండో వైపు నుంచి లెడ్ తీగను ఆ కాలికి తాకించాలి. లోపలి రోజనం పొగ లేస్తుంది. లెడ్ ఒక్కసారిగా నీళ్లలా పారి కాలి చుట్టూ ఎగబాకుతుంది. ముందు లెడ్ తీసి, తర్వాత ఐరన్ తీసి, రెండు మూడు సెకన్లు కదపకుండా ఉంటే మెరుస్తూ గోపురంలా నిలుస్తుంది. మసకగా, ముద్దగా కనిపిస్తే మళ్లీ వేడి చేయాల్సిందే. కిటికీ తెరిచి పెట్టుకోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ లెడ్ తీగలో ఉన్నది సీసం.

సోల్డరింగ్‌కు ముందు బ్రెడ్‌బోర్డు మీద సర్క్యూటును గుచ్చి వినడం మంచిది. కట్టర్, ముక్కు పట్టకారు, తీగ తోలు ఒలిచే స్ట్రిప్పర్ మామూలే. ఇవన్నీ హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఒక్క పూటలో సమకూరతాయి. అల్యూమినియం డబ్బా తప్పనిసరి. ప్లాస్టిక్ డబ్బా అయితే ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ హోరు లోపలికి వచ్చేస్తుంది. రంధ్రాలకు మెట్లమెట్లుగా ఉండే స్టెప్ బిట్ కొనండి. డబ్బాను చేత్తో పట్టుకోకుండా బల్లకు బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని డ్రిల్ చేయండి. అంచులు గుండ్రటి ఆకురాయితో రాస్తే సరి. ఇంకొక్క జాగ్రత్త. పెడళ్ల అడాప్టర్లకు సాధారణంగా మధ్య పిన్ను నెగటివ్. మన ఇళ్లలో ఇంటర్నెట్ రూటర్లకు వచ్చేవి ఎక్కువగా పాజిటివ్. చూడకుండా గుచ్చితే లోపలి భాగాలు కాలిపోవచ్చు.

మల్టీమీటర్ ఉంటే సగం ధైర్యం వచ్చినట్టే. ఫజ్ ఫేస్ సర్క్యూటులో రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర సుమారు 4.5 వోల్టులు, అంటే బ్యాటరీలో సగం కనిపించాలి. అప్పుడే అల పైకీ కిందికీ సమానంగా ఎదిగి తల కొట్టుకుంటుంది.

అయితే మీటర్ మౌనానికి సమాధానం చెప్పదు. నేను కట్టిన మొదటి పెడల్ అలాగే మూగబోయింది. వోల్టులన్నీ సరిగ్గానే ఉన్నాయి, శబ్దం లేదు. వారం రోజులు సర్క్యూటు బొమ్మతో పోల్చి చూసుకున్నాను. చివరికి దుకాణాల్లో అమ్మని ఒక పరికరం చేసుకున్నాను. గిటార్ కేబుల్ ప్లగ్ ఒకటి. దాని మధ్య తీగ కొసన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆ కెపాసిటర్ రెండో కాలే సూది మొన. ప్లగ్ బయటి తీగకు ఒక మొసలి క్లిప్పు, దాన్ని సర్క్యూటు గ్రౌండ్‌కు పట్టించాలి. ఆడియో ప్రోబ్ అంటారు దీన్ని. కెపాసిటర్ బ్యాటరీ వోల్టును ఆపి, పాట అలను మాత్రమే వదులుతుంది. ప్లగ్‌ను తక్కువ శబ్దంలో ఉంచిన యాంప్లిఫయర్‌కు ఇచ్చి, ఫోన్ నుంచి ఒక పాటను పెడల్‌లోకి పంపాను. సూదిని ఇన్‌పుట్ దగ్గర ఆనించాను, పాట వినిపించింది. మొదటి ట్రాన్సిస్టర్ దాటింది, పాట గట్టిపడింది. రెండోది దాటింది, పాట చిరిగి గరగరమంది. చివరి కెపాసిటర్ ఇటువైపు కాలి దగ్గర పాట ఉంది, అటువైపు రాగి మీద లేదు. భూతద్దం పెట్టి చూస్తే అక్కడ లెడ్ ముద్ద కాలిని అంటకుండా చుట్టూ కూర్చుని ఉంది. మళ్లీ వేడి చేయడానికి మూడు సెకన్లు పట్టింది.

అందుకే నా మాటగా ఒకటి చెబుతాను. పెడల్ కట్టాలనుకునేవాళ్లు ముందు ఈ ప్రోబ్ కట్టండి. సోల్డరింగ్‌లో చేయి తిరగడానికి ఇదే మొదటి పాఠమవుతుంది. 9 వోల్టుల పెడల్ లోపల ఎక్కడ తాకినా ప్రమాదం లేదు. యాంప్లిఫయర్ మూత మాత్రం విప్పకండి, ముఖ్యంగా వాల్వులది. స్విచ్ ఆపినా అందులో వందల వోల్టులు నిలవ ఉంటాయి.