విజ్ఞాన సోపానాలు

తూర్పు కనుమల నడుమ, గూడెంకొత్తవీధి మండలంలో సీలేరు గ్రామం ఉంది. అక్కడి నదికీ అదే పేరు. ఎగువన మాచ్‌ఖండ్ అని పిలిచే ఈ నది దిగువన శబరిలో కలిసి, శబరితోపాటు గోదావరిని చేరుతుంది. ఈ నదిపై 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. బలిమెల జలాశయం వద్ద ఒడిశా వాటా పోగా మిగిలిన నీరు ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలను వరుసగా నడుపుతుంది. పై కేంద్రం వదిలిన నీటినే కింది కేంద్రం అందుకొంటుంది.

ఆ నది ఒడ్డున పెరిగే బాలునికి సహజంగా ఒక సందేహం కలుగుతుంది. పారే నీటి నుండి దీపం ఎలా వెలుగుతున్నది? ప్రశ్న చిన్నదే. సమాధానం మాత్రం ఏ ఒక్క తరగతిలోనూ సంపూర్ణంగా లభించదు. అది పన్నెండేళ్ల చదువులో మెట్టు మెట్టుగా రూపుదిద్దుకొంటుంది.

ప్రాథమిక దశలో విజ్ఞానశాస్త్రానికి ప్రత్యేకమైన పుస్తకం ఉండదు. పరిసరాల విజ్ఞానంలో భాగంగా వాన, వాగు, చెరువు, నీటి ఉపయోగాలు పరిచయమవుతాయి. కంటితో చూచినది, చేతితో తాకినది మాత్రమే అక్కడ పాఠం. ప్రాథమికోన్నత దశలో అయస్కాంతం, ఘటం, విద్యుద్వలయం వస్తాయి. తీగ ద్వారా విద్యుత్తు ప్రవహిస్తే దిక్సూచి కదులుతుందని విద్యార్థి చేసి చూస్తాడు. తొమ్మిదవ తరగతిలో పని, శక్తి అనే భావనలకు కొలతలు వస్తాయి. ఒక కిలోగ్రాము నీరు పది మీటర్లు కిందికి దిగితే సుమారు 98 జౌళ్ల స్థితిశక్తి రూపాంతరం చెందుతుందని లెక్కకట్టగలుగుతాడు. పదవ తరగతిలో ఓమ్ నియమం, విద్యుత్ప్రవాహపు అయస్కాంత ఫలితాలు నేర్చుకొంటాడు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో విద్యుదయస్కాంత ప్రేరణను చదివినప్పుడు చిన్ననాటి సందేహం తీరుతుంది.

ఈ క్రమానికి బలమైన కారణాలున్నాయి. మొదటిది, భావనల పరస్పరాధారం. నిష్పత్తి తెలియనివానికి ఓమ్ నియమం అక్షరాల గుంపుగానే తోస్తుంది. అందువల్ల గణితంలోని పాఠం విజ్ఞానశాస్త్ర పాఠానికి ముందుగా నడవాలి. రెండవది, వయస్సు. పసివాని బుద్ధి వస్తువును పట్టుకొని నడుస్తుంది. కంటికి కనిపించని శక్తిని ఊహించే సామర్థ్యం క్రమంగా అలవడుతుంది. శాస్త్ర చరిత్ర కూడా ఇలాగే సాగింది. 1820లో ఆయర్‌స్టెడ్ విద్యుత్తుకూ అయస్కాంతత్వానికీ గల సంబంధాన్ని గుర్తించాడు. 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. మొదటి మెట్టు లేనిదే రెండవది లేదు.

అమెరికా మనోవైజ్ఞానికుడు జెరోమ్ బ్రూనర్ 1960లో వెలువరించిన గ్రంథంలో సర్పిలాకార పాఠ్యప్రణాళికను ప్రతిపాదించాడు. ఒకే భావన పై తరగతులలో మళ్లీ మళ్లీ రావాలి. వచ్చిన ప్రతిసారీ మరింత లోతుగా రావాలి. ఇది పునరుక్తి కాదు. మన పూర్వులకూ ఈ మర్మం తెలుసు. అరుంధతిని చూపే పురోహితుడు ముందుగా ప్రకాశవంతమైన వసిష్ఠ నక్షత్రాన్ని చూపి, ఆపై దాని చెంతనున్న చిన్న చుక్క వైపు దృష్టిని మరల్చుతాడు. తెలిసినదాని నుండి తెలియనిదానికి నడిపించే ఈ పద్ధతికే అరుంధతీ దర్శన న్యాయమని పేరు.

అయితే మెట్లు కట్టినంత మాత్రాన అందరూ ఎక్కగలరా? భాష వద్దనే తొలి అడుగు తడబడవచ్చు. తలపై మోపు పెట్టుకొని కదలక నిలుచున్న మనిషి అలసిపోతాడు; కాని శాస్త్రపరిభాషలో ఆ మోపుపై అతడు చేసిన పని శూన్యం. 'పని' అనే ఇంటి మాట తరగతిలో వేరొక అర్థాన్ని ధరిస్తుంది. తెలుగు మాతృభాషగా గల విద్యార్థికే ఇది చిక్కు. ఇంటిలో కువి భాషనో, ఆదివాసీ ఒడియానో మాట్లాడే కొండ బిడ్డకు ఆ చిక్కు రెండింతలు. ఈ సంగతిని గుర్తించియే 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కువి, సవర, కోయ మొదలైన ఎనిమిది భాషలలో ప్రాథమిక పాఠాలు చెప్పే ప్రయత్నం మొదలైంది. మాతృభాషలో పడిన తొలి మెట్టు పై మెట్లన్నిటికీ ఆధారం.

ఎగువ కాలువకు గండి పడితే దిగువ కేంద్రంలో యంత్రం ఆగుతుంది. ఆ దోషం యంత్రానిది కాదు. చదువులోనూ అంతే. పదవ తరగతి పాఠం బోధపడకపోవడానికి కారణం ఏడవ తరగతిలో జారిపోయిన ఒక చిన్న భావన కావచ్చు. దానిని గుర్తించక 'నాకు తెలివి లేదు' అనుకోవడం ఎందరినో చదువుకు దూరం చేస్తున్నది. కంఠస్థం చేయడం ఆ గండిని కప్పిపుచ్చుతుందే కాని పూడ్చదు.

కాబట్టి పాఠం కఠినమనిపించినప్పుడు విద్యార్థి వెనుకటి తరగతి పుస్తకాన్ని తెరవడానికి సిగ్గుపడరాదు. ఉపాధ్యాయుడు కూడా 'ఇది ఎందుకు రాదు?' అని గద్దించడానికి బదులు 'ఎక్కడ ఆగిపోయింది?' అని వెదకాలి. సీలేరు నీరు మెట్టు మెట్టుగా దిగుతూ వెలుగునిస్తుంది. విజ్ఞానం మెట్టు మెట్టుగా పైకెక్కుతూ వెలుగునిస్తుంది. జారిన మెట్టును తిరిగి కట్టుకొన్నవానికి పై మెట్టు తప్పక అందుతుంది.